ఇంట్లో సబ్బు తయారీ: మొదటిసారి కాస్టిక్ సోడా పట్టుకునేవారికి

ఇంట్లో సబ్బు చేయడమంటే, తయారుగా దొరికే సబ్బు దిమ్మను కొని, కరిగించి, రంగూ పరిమళమూ కలిపి అచ్చుల్లో పోయడమేనని చాలామంది అనుకుంటున్నారు. అది తేలికైన పని, పిల్లలతో కలిసి చేయదగిన పని. కాని అందులో సబ్బును తయారుచేసింది ఎక్కడో ఉన్న కర్మాగారమే. ఇక్కడ నేను వివరించబోయేది నూనెలో కాస్టిక్ సోడా ద్రావణం కలిపి సబ్బును మొదటినుంచీ మన చేతులతో తయారుచేసుకునే పద్ధతి. పొయ్యి మీద ఉడికించడం ఉండదు కాబట్టి దీన్ని చల్లటి పద్ధతి అంటారు. విజయవాడ సత్యనారాయణపురంలోని మా డాబా ఇంట్లో ఏడేళ్ళుగా, రోహిణి కార్తె ఎండల్లోనూ శ్రావణ మాసపు ముసురులోనూ సబ్బు పోస్తూ వచ్చిన అనుభవంతో ఇది రాస్తున్నాను. మన ఊరి వేడీ తేమా ఈ పనిని ఎక్కడెక్కడ మారుస్తాయో కూడా సందర్భం వచ్చినచోటల్లా చెబుతాను.

మన వంటిళ్ళలో కొలత చేతిలో ఉంటుంది. పులిహోరలో ఉప్పు ఎంత వేయాలని అమ్మను అడిగితే ‘చూసి వేసుకోవడమే’ అంటుంది, ఆ చూపు తప్పదు కూడా. సబ్బు దగ్గర ఆ అలవాటును పూర్తిగా పక్కన పెట్టాలి. ప్రతి నూనెకూ తనదైన లెక్క ఉంటుంది: 100 గ్రాముల కొబ్బరి నూనె పూర్తిగా సబ్బుగా మారడానికి 18.3 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. అంతే బరువున్న పామాయిల్‌కు 14.1 గ్రాములు, వేరుశనగ నూనెకు 13.6, నువ్వుల నూనెకు 13.4, ఆముదానికి 12.8 గ్రాములు సరిపోతాయి. సోడా తగ్గితే సబ్బు మెత్తగా జిడ్డుగా మిగులుతుంది, పెరిగితే చర్మాన్ని కాలుస్తుంది. మధ్యలో ఉన్న భద్రమైన జాగా కొద్ది గ్రాములు మాత్రమే, అందుకే కాటా లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు.

ఆ సంగతిని నేను నా మొదటి సబ్బుతోనే నేర్చుకున్నాను. కిలో నూనెకు రాసిన కొలతను తీసుకుని, కాస్టిక్ సోడాను గ్రాముల్లో జాగ్రత్తగా తూచాను. నూనెను మాత్రం తూచలేదు. లీటరు ప్యాకెట్టు అంటే కిలోయే కదా అనుకుని కత్తిరించి పోసేశాను. నూనె నీటికన్నా తేలిక, లీటరు ప్యాకెట్టు మీద సన్నటి అక్షరాల్లో 910 గ్రాములని అచ్చువేసి ఉంటుంది. అంటే నా గిన్నెలో నూనె 90 గ్రాములు తక్కువ పడింది. కిలో నూనెకు అయిదు శాతం తగ్గించి లెక్కగట్టిన సోడా, 910 గ్రాముల నూనెకు నాలుగు శాతానికి పైగా ఎక్కువైపోయింది. చూడటానికి సబ్బు ఎంతో బాగుంది: గట్టిగా, పాలరాయిలా తెల్లగా వచ్చింది. నెలరోజులు ఆగి చేతులు కడుక్కుంటే పది నిమిషాలకు వేళ్ళ సందులు మంట పుట్టి ఎర్రబడ్డాయి. ఆ దిమ్మనంతా కొబ్బరి కోరుతో కోరి, తక్కువైన నూనెకు మరికాస్త చేర్చి, కొద్ది నీళ్ళతో సన్నటి సెగ మీద మళ్ళీ కలిపి పోసుకున్నాను, అది వాడదగిన సబ్బయింది. అప్పటినుంచీ మా ఇంట్లో నూనె ప్యాకెట్టు మీద లీటర్లను నేను చదవడం మానేశాను. ప్యాకెట్లు ఇప్పుడు 850 గ్రాములకూ 870 గ్రాములకూ కూడా వస్తున్నాయి, కనుక గిన్నెను కాటా మీద పెట్టి, సున్నా చేసి, నూనెను గ్రాముల్లోనే పోసుకోవాలి.

సోడాలు మూడు, పనికొచ్చేది ఒకటి

దుకాణంలో ‘సోడా’ అని మాత్రం అడగకూడదు. మన ఇళ్ళలో ఆ మాటకు మూడు అర్థాలున్నాయి. బజ్జీల పిండిలో వేసేది వంట సోడా, రసాయనంగా అది సోడియం బైకార్బొనేట్. బట్టల మురికి వదలడానికి నానబెట్టేది చాకలి సోడా, అది సోడియం కార్బొనేట్. సబ్బుకు కావలసింది సోడియం హైడ్రాక్సైడ్, అంటే కాస్టిక్ సోడా. మొదటి రెండూ చల్లటి పద్ధతిలో నూనెను సబ్బుగా మార్చలేవు. మూడోది మార్చగలదు, చేతిని కూడా కాల్చగలదు.

కాస్టిక్ సోడా తెల్లటి పెచ్చులుగానో గుండ్రటి పలుకులుగానో దొరుకుతుంది. డబ్బా మీద స్వచ్ఛత 97 శాతమో అంతకన్నా ఎక్కువో రాసి ఉన్నది కొనాలి. సింకు గొట్టాలు శుభ్రం చేయడానికి అమ్మే పొడుల్లో కాస్టిక్ సోడాతో పాటు వేరే పదార్థాలు, కొన్నింటిలో అల్యూమినియం తునకలు కూడా ఉంటాయి. వాటిని సబ్బుకు వాడకూడదు. విజయవాడలో అయితే కళాశాలల ప్రయోగశాలలకు రసాయనాలు అమ్మే దుకాణాల్లో అడగడం మంచిది, అక్కడ స్వచ్ఛత రాసి ఉన్న సీసా చేతికి వస్తుంది. ఇది గాలిలోని తేమను పీల్చుకుని చెమ్మగిల్లిపోతుంది. ఆగస్టులో ఒకసారి నేను డబ్బా మూత తీసి ఫోను మాట్లాడి వచ్చేసరికి పైన ఉన్న పెచ్చులు తడిసి ఒకదానికొకటి అంటుకుని కనిపించాయి. అలా తడిసిన సోడాను తూచితే నీటి బరువును కూడా తూచినట్టే, లెక్క తప్పుతుంది. కాబట్టి తూచడం చకచకా ముగించి, మూత బిగించాలి. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో, పెద్ద అక్షరాలతో పేరు రాసి, పిల్లలకు అందని చోట తాళం వేసి ఉంచాలి. పచ్చడి జాడీలోనో, హార్లిక్స్ సీసాలోనో, మంచినీళ్ళ సీసాలోనో పొరపాటున కూడా పోయకూడదు. ఇంట్లో ఇంకొకరు దాన్ని తినే వస్తువనుకునే అవకాశం అక్కడే పుడుతుంది.

నీటి విషయంలో కూడా ఒక మాట చెప్పాలి. బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటాయి, అవి సబ్బుతో కలిసి తెట్టులా తేలతాయి. అందువల్ల డిస్టిల్డ్ వాటర్ వాడాలి. వాహనాల బ్యాటరీలలో పోసేందుకు అమ్మే నీరు ఇదే. అయితే అదే దుకాణంలో అలాంటి డబ్బాలోనే బ్యాటరీ యాసిడ్ కూడా ఉంటుంది, అది సల్ఫ్యూరిక్ ఆమ్లం. డబ్బా మీది పేరు స్వయంగా చదివి తీసుకోండి.

ఒంటి మీదా గదిలోనూ ఉండవలసిన జాగ్రత్త

ఈ భాగాన్ని తొందరగా దాటవేయవద్దని మనవి. కాస్టిక్ సోడా ద్రావణం చర్మం మీద పడగానే ఆమ్లంలా వెంటనే చురుక్కుమనకపోవచ్చు. ముందు జారుడుగా, సబ్బునీళ్ళలా తగులుతుంది. ఆ జారుడుతనం మన చర్మంలోని కొవ్వు కరగడం మొదలైందనడానికి గుర్తు. మంట తెలిసేసరికి కొంత హాని జరిగిపోతుంది.

కళ్ళను పక్కలనుంచి కూడా మూసి ఉంచే గాగుల్స్, మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు, పొడుగు చేతుల నూలు చొక్కా తప్పనిసరి. చదువుకోవడానికి పెట్టుకునే కళ్ళద్దాలు వీటికి బదులు కావు. చీర కొంగునూ చున్నీనీ నడుముకు గట్టిగా బిగించాలి, జడను ముడి వేసుకోవాలి. మన ఇళ్ళలో వంటింట్లోకి చెప్పులు వేసుకుని వెళ్ళం. ఈ ఒక్క పనికి ఆ ఆచారాన్ని సడలించి, కాలివేళ్ళు కప్పే బూట్లు వేసుకోవాలి, లేదా పనిని వంటింటి బయట వసారాలో పెట్టుకోవాలి. రెండోదే నాకు మేలనిపిస్తుంది. తూచేటప్పుడు సీలింగ్ ఫ్యాను ఆపాలి, ఎందుకంటే పెచ్చులతో పాటు ఉండే సన్నటి పొడి గాలికి లేచి కళ్ళలోనూ ముక్కులోనూ పడుతుంది. కిటికీలు మాత్రం తెరిచే ఉంచాలి. పిల్లలూ పెంపుడు జంతువులూ ఆ గంటసేపు వేరే గదిలో ఉండాలి, కాలింగ్ బెల్ మోగినా మధ్యలో లేచి వెళ్ళకూడదు.

చర్మం మీద చుక్క పడితే వెంటనే పంపు తిప్పి, పారే నీటి కింద కనీసం పావుగంట సేపు ఉంచాలి. నిమ్మరసమో వెనిగరో పోస్తే విరుగుడు అవుతుందని చాలామంది చెబుతారు. ఆమ్లమూ క్షారమూ కలిసినచోట మరింత వేడి పుడుతుంది, గాయం పెరుగుతుంది. ఒంటి మీద ఆ పని చేయవద్దు. కంట్లో పడితే రెప్పలు తెరిచిపట్టి ఆగకుండా కడుగుతూనే ఆసుపత్రికి బయలుదేరాలి. ఎవరైనా మింగితే వాంతి చేయించకూడదు, దిగేటప్పుడు కాల్చింది ఎక్కేటప్పుడూ కాలుస్తుంది. ఆలస్యం లేకుండా 108కి ఫోను చేయాలి.

గిన్నెలు స్టీలువే వాడాలి. అల్యూమినియం గిన్నెలో, అంటే మనం సత్తు గిన్నె అనేదానిలో కాస్టిక్ సోడా పడితే అది లోహాన్ని తినేస్తూ హైడ్రోజన్ వాయువును వదులుతుంది, ఆ వాయువు మండే గుణం గలది. ఇత్తడి, రాగి, నాన్‌స్టిక్ పాత్రలు కూడా వద్దు. గాజు గ్లాసులో ద్రావణం కలిపితే ఆ వేడికి అది పగిలే ప్రమాదం ఉంది. మజ్జిగ కవ్వంతో తిప్పవచ్చా అని మా పిన్ని అడిగింది. చెక్కను క్షారం కొరికి పీచులు లేపుతుంది, పైగా ఆ కవ్వం మళ్ళీ మజ్జిగకు పనికిరాదు. సబ్బుకు వాడిన గిన్నెలూ గరిటెలూ సబ్బుకే ఉండాలి. మిక్సీ జారు గురించి కూడా అడుగుతుంటారు. మూసి ఉన్న జారులో వేడి ద్రావణం తిరిగితే మూత ఎగిరి ముఖం మీద చిమ్ముతుంది, కనుక మిక్సీ వాడనే వాడకూడదు. కర్రలా ఉండి గిన్నెలో నిలువుగా ముంచి తిప్పే హ్యాండ్ బ్లెండర్ కొనుక్కుంటే చాలు, దాని అడుగు భాగం స్టీలుదై ఉండాలి.

మొదటి సబ్బుకు కొలత

మొదటిసారికి అర కిలో నూనె చాలు. తప్పినా నష్టం తక్కువ, కుదిరితే ఏడు బిళ్ళలు వస్తాయి. కొబ్బరి నూనె 200 గ్రాములు, పామాయిల్ 250 గ్రాములు, ఆముదం 50 గ్రాములు తీసుకోండి. కొబ్బరి నూనె గట్టిదనాన్నీ పెద్ద నురుగునూ ఇస్తుంది, కాని మొత్తం దానితోనే చేస్తే ఒళ్ళు పొడిబారుతుంది. పామాయిల్ బిళ్ళను త్వరగా అరిగిపోకుండా నిలుపుతుంది. మన పక్కనున్న ఏలూరు ప్రాంతపు తోటల పంట కాబట్టి చవకగానూ దొరుకుతుంది, ఆయిల్ పామ్ మీద దేశంలోని పరిశోధనా సంస్థ కూడా ఏలూరు దగ్గరి పెదవేగిలోనే ఉంది. ఆముదం నురుగును నిలబెడుతుంది, పదో వంతు మించితే సబ్బును జిగటగా చేస్తుంది.

లెక్క ఇలా నడుస్తుంది. కొబ్బరి నూనె 200ను 0.183తో హెచ్చిస్తే 36.6 వస్తుంది. పామాయిల్ 250ను 0.141తో హెచ్చిస్తే 35.25. ఆముదం 50ను 0.128తో హెచ్చిస్తే 6.4. మొత్తం 78.25 గ్రాములు. అంత సోడా వేస్తే నూనె ఒక్క చుక్క మిగలకుండా సబ్బవుతుంది, కాటాలో కొద్ది తేడా వచ్చినా సోడా మిగిలిపోతుంది. అందుకని అయిదు శాతం తగ్గించి 74 గ్రాములు వేస్తాం. మిగిలే ఆ కాస్త నూనె చర్మానికి మృదుత్వం ఇస్తుంది, మన పొరపాటుకు అడ్డుగోడగానూ ఉంటుంది. నీరు 150 గ్రాములు, అంటే సోడాకు రెట్టింపు. పామాయిల్ ఇష్టం లేనివారు దాని బదులు గానుగ నువ్వుల నూనె వేసుకోవచ్చు, కాని అప్పుడు 250ను 0.134తో హెచ్చించి మళ్ళీ కూడాలి, మొత్తం 76.5 వస్తుంది, అయిదు శాతం తీసేస్తే 72.7, వేయవలసింది 72 గ్రాములు. నూనె మారిన ప్రతిసారీ సోడా మారుతుందన్నది ఈ రెండు గ్రాముల్లోనే కనిపిస్తుంది. పుస్తకాల్లో సపోనిఫికేషన్ విలువను, అంటే ఒక గ్రాము నూనె పూర్తిగా సబ్బవడానికి కావలసిన క్షారాన్ని, పొటాషియం హైడ్రాక్సైడ్ మిల్లీగ్రాముల్లో ఇస్తారు; కొబ్బరి నూనెకు 257 అని ఉంటే దాన్ని 1402.5తో భాగిస్తే మనకు కావలసిన 0.183 వస్తుంది.

కలపడం

ముందుగా నీటిని లోతైన స్టీలు గిన్నెలో తూచుకోండి. వేరే పొడి గిన్నెలో సోడాను తూచండి. ఇప్పుడు సోడాను నీటిలోకి, చెంచా చెంచాగా, తిప్పుతూ వేయాలి. ఈ వరుస ఎప్పటికీ తిరగబడకూడదు: సోడా మీద నీళ్ళు పోస్తే పైపొర ఒక్కసారిగా మరిగి చిమ్ముతుంది. సోడా కరుగుతున్నకొద్దీ గిన్నె వేడెక్కుతుంది, నిమిషంలోనే 80 డిగ్రీలు దాటవచ్చు, ముక్కుకు ఘాటైన ఆవిరి లేస్తుంది. ముఖాన్ని గిన్నె మీదికి వంచకుండా, గాలి వీచే దిక్కుకు వీపు పెట్టి నిలబడండి. మొదట పాలలా తెల్లబడిన నీరు కొద్దిసేపటికి తేటబడుతుంది.

ఆ ద్రావణం చల్లారడానికి డిసెంబరులో ముప్పావుగంట పడుతుంది. మే నెలలో మా ఇంట్లో రెండు గంటలైనా గోరువెచ్చదనం దిగదు, ఎందుకంటే గదే 38 డిగ్రీల దగ్గర ఉంటుంది. అప్పుడు వెడల్పాటి పళ్ళెంలో చన్నీళ్ళు పోసి అందులో గిన్నెను కదలకుండా నిలబెట్టాలి. ఇంకో ఉపాయం, 150 గ్రాముల నీటిలో సగాన్ని ముందురోజు రాత్రి డీప్ ఫ్రీజరులో ఐసు ముక్కలు చేసుకుని, వాటితో కలిపి తూచి సోడా కరిగించడం. ఎండాకాలంలో నేను తెల్లవారుజామున ఐదింటికే ఈ పని మొదలుపెడతాను.

ఈలోగా నూనెలు మూడింటినీ పెద్ద గిన్నెలోకి తూచుకోండి. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి మన దగ్గర సంవత్సరంలో ఎక్కువ రోజులు ద్రవంగానే ఉంటుంది. సంక్రాంతి చలిలో మాత్రం పేరుకుని ఉంటుంది, సీసాను వేడినీటిలో నిలబెట్టి కరిగించాలి. నూనే ద్రావణమూ రెండూ 35 నుంచి 40 డిగ్రీల మధ్యకు వచ్చినప్పుడు, ద్రావణాన్ని సన్నటి ధారగా నూనెలోకి పోయండి. వంటకు వాడే థర్మామీటరు ఒకటి ఉంటే సులువు.

బ్లెండరును గిన్నె అడుగున ఆనించి, కొద్దిగా వాల్చి లోపలి గాలి పోయాక, అయిదు క్షణాలు నడిపి ఆపండి, ఆపి, దానితోనే గరిటెలా అరనిమిషం తిప్పండి, మళ్ళీ నడపండి. నడుస్తుండగా పైకి ఎత్తితే నాలుగువైపులా చిమ్ముతుంది. పచ్చగా జిడ్డు చారలతో ఉన్న నూనె చూస్తుండగానే పాలిపోయి, మీగడ రంగుకు మారి, చిక్కబడుతుంది. గరిటె ఎత్తి కొంచెం పిండిని మీద జార్చితే, ఆ గీత వెంటనే మునిగిపోకుండా ఒక్క క్షణం పైన నిలవాలి. సబ్బు చేసేవారు దీన్ని ట్రేస్ అంటారు. మన భాషలో చెప్పాలంటే, పెనం మీద పలచగా తిరిగే దోసెల పిండి జారుడు వచ్చినట్టు. ఇడ్లీ పిండిలా అయ్యేదాకా ఆగితే అచ్చులో సర్దుకోదు, మధ్యలో గాలి గుంటలు మిగులుతాయి. బ్లెండరుతో అయిదు పది నిమిషాల్లో ఈ దశ వస్తుంది, చేత్తో తిప్పితే గంట దాకా పట్టవచ్చు.

పసుపూ సున్నిపిండీ కలపాలనుకుంటే

ఏమైనా కలపాలంటే ఈ దశలోనే కలపాలి. అయితే మొదటి దిమ్మను ఏమీ కలపకుండా పోయమనే నా సలహా, సబ్బు అసలు రూపం ఏమిటో కంటికీ చేతికీ తెలియాలి. రెండోసారి నుంచి అర కిలో నూనెకు ఒక చెంచా సున్నిపిండో, మెత్తగా జల్లించిన వట్టివేళ్ళ పొడో వేసుకోవచ్చు. వేపాకు పొడి మొదట్లో పచ్చగా ఉండి నెల తిరిగేసరికి గోధుమరంగుకు తిరుగుతుంది.

పసుపు గురించి ముందే చెప్పకపోతే చూసి కంగారుపడతారు. అర చెంచా పసుపును చెంచా నూనెలో కలిపి పిండిలో వేయగానే, పసుపు రంగు రావలసినచోట ఇటుక ఎరుపు పాకుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసినప్పుడు వచ్చే ఎరుపు ఇదే. చొక్కా మీద పడిన కూర మరకకు సబ్బు రాస్తే ఎర్రబడేదీ ఇందుకే. క్షారం తగిలితే పసుపు రంగు మారుతుంది. సబ్బు ఆరుతున్నకొద్దీ ఆ ఎరుపు తగ్గి, లేత నారింజ దగ్గర నిలుస్తుంది. ఇదే కారణంగా, పసుపు రాసిన కాగితంతో సబ్బును పరీక్షించి ‘ఎర్రబడింది, సోడా ఎక్కువైంది’ అనుకోవడం సరికాదు. మంచి సబ్బు కూడా సహజంగా క్షారమే, దాని పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 9, 10 మధ్య ఉంటుంది, పసుపు కాగితం దానికీ ఎర్రబడుతుంది.

నిమ్మరసం కలపవద్దు. అందులోని ఆమ్లం సోడాలో కొంత భాగాన్ని మింగేస్తుంది, మనం వేసిన లెక్క అక్కడే చెడుతుంది. పాలూ తేనే చక్కెర గలవి కాబట్టి వేడిని పెంచి సబ్బును మాడ్చినట్టు చేస్తాయి, మన ఎండాకాలంలో అయితే దిమ్మ పగిలి పొంగే దాకా వెళుతుంది. వాటిని బాగా చేయి తిరిగాక చూసుకోవచ్చు. తాజా పూలూ ఆకులూ కుళ్ళిపోతాయి. పరిమళ తైలాలు నూనె బరువులో మూడు శాతం లోపు, అంటే ఇక్కడ 15 గ్రాములకు మించకూడదు.

పోయడం, కోయడం, ఆరబెట్టడం

సిలికాన్ అచ్చు ఉంటే మంచిదే. లేకపోతే చతురస్రంగా ఉన్న స్టీలు టిఫిన్ డబ్బాలో బటర్ పేపరు పరిచి పోయవచ్చు, లేదా పళ్ళరసం వచ్చే అట్టపెట్టెను కడిగి ఆరబెట్టి వాడవచ్చు. పెట్టె లోపల వెండిలా మెరిసే పొర ఉంటే అది అల్యూమినియం రేకు, దాని మీద కూడా బటర్ పేపరు తప్పనిసరి. పోసిన తరువాత అచ్చును బల్లకు రెండుమూడుసార్లు మెల్లగా తట్టితే గాలి బుడగలు పైకి వస్తాయి.

ఇతర దేశాల వారు రాసిన పద్ధతుల్లో ఈ దశలో అచ్చును దుప్పటితో చుట్టమని ఉంటుంది. ఆ మాట వారి చలికి సరిపోతుంది. విజయవాడలో మార్చి నుంచి అక్టోబరు దాకా దుప్పటి చుట్టనే కూడదు. సబ్బు తనలో తానే వేడెక్కుతుంది. మధ్యభాగం ముదురు రంగుకు తిరిగి, కరిగిన తాటిబెల్లంలా పారదర్శకంగా కనిపిస్తే భయపడనక్కర్లేదు, అది మామూలే. పైన నెర్రె విచ్చడం మొదలైతే మాత్రం అచ్చును గచ్చునేల మీదికి దించి ఫ్యాను గాలిలో పెట్టాలి. డిసెంబరు, జనవరి నెలల్లో ఒక తువ్వాలు కప్పితే చాలు.

ఒక రోజు గడిచాక గ్లౌజులు వేసుకునే దిమ్మను తీసి, పనీరు ముక్క కోసినంత తేలికగా కత్తి దిగుతుంటే బిళ్ళలుగా కోయాలి. మెత్తగా ఉంటే ఇంకో రోజు ఆగాలి. కోసిన ముఖాన్ని వెలుతురులో నిశితంగా చూడండి. పైన తెల్లటి పొడిలాంటి పూత ఉంటే అది గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి ఏర్పడిన సోడియం కార్బొనేట్, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. లోపల మెరిసే తెల్లటి గడ్డలో, తడి గుంటలో కనిపిస్తే అవి కలవకుండా మిగిలిన సోడా, ఆ దిమ్మను ఒంటికి వాడకూడదు. దిమ్మ పైన నూనె ఒక పొరగా విడిపోయి ఉంటే తొందరపడి ముందే పోశారని అర్థం.

ఆరబెట్టడానికి మా ఇంట్లో వెదురు తట్ట వాడతాం. తెల్ల కాగితం పరిచి, బిళ్ళకూ బిళ్ళకూ మధ్య రెండు వేళ్ళ సందు ఉండేలా పేర్చి, ఎండ తగలని, గాలి ఆడే అటకమీద పెట్టి, వారానికోసారి తిప్పుతాం. వార్తాపత్రిక పరిస్తే సిరా అంటుకుంటుంది, ఇనుప జాలీ మీద పెడితే తుప్పు మరక పడుతుంది. కనీసం నాలుగు వారాలు, మేలైన సబ్బుకు ఆరు వారాలు పడుతుంది. క్షారం నూనెతో కలిసి సబ్బవడం మొదటి రెండు మూడు రోజుల్లోనే చాలావరకు పూర్తవుతుంది. మిగిలిన కాలమంతా నీరు ఆవిరై బిళ్ళ గట్టిపడటానికి. ఇక్కడ మళ్ళీ కాటా పనికొస్తుంది. ఒక బిళ్ళ మీద గీత పెట్టి, వారం వారం తూచి పుస్తకంలో రాసుకోండి. 100 గ్రాములతో మొదలైన బిళ్ళ తగ్గుతూ తగ్గుతూ 88, 90 గ్రాముల దగ్గర నిలిచిపోతుంది. రెండు వారాలు వరసగా బరువు మారకపోతే సబ్బు ఆరింది.

వర్షాకాలంలో ఈ లెక్క సాగదు. సబ్బుతో పాటు పుట్టే గ్లిజరిన్ బిళ్ళలోనే ఉండిపోతుంది, అది గాలిలోని తేమను లాగుతుంది. జూలై, ఆగస్టుల్లో బిళ్ళల మీద చెమట చుక్కల్లా నీరు నిలుస్తుంది, ఒక వారం బరువు తగ్గకపోగా పెరుగుతుంది కూడా. అది సబ్బు చెడినట్టు కాదు. గుడ్డతో అద్ది, ఫ్యాను కింద ఉంచి, రెండు మూడు వారాలు ఎక్కువ ఇవ్వాలి. బీరువాలో కలరా ఉండల పక్కన పెడితే ఆ వాసన సబ్బుకు పట్టేస్తుంది. నెలలు గడిచాక బిళ్ళ మీద నారింజ రంగు మచ్చలు లేచి, పాత నూనె వాసన వేస్తే మిగిలిన నూనె ముక్కిపోయిందని తెలుసుకోవాలి. పాత నూనె, పూరీలు వేయించిన నూనె వాడితే ఇది త్వరగా వస్తుంది.

వాడేముందు పీహెచ్ కాగితంతో ఒకసారి చూడటం మంచిది. బిళ్ళను తడిపి, కొద్దిగా నురుగు తీసి, కాగితాన్ని అందులో అద్దండి. 9, 10 చూపితే సరే. 11 దాటితే మరో రెండు వారాలు ఆగి మళ్ళీ చూసి, అప్పటికీ తగ్గకపోతే ఒంటికి వాడకుండా పక్కన పెట్టాలి. మొదటిసారి మోచేతి మడతలో రాసి ఒక రోజు చూసుకున్నాకే స్నానానికి వాడాలి, పసిపిల్లలకు మాత్రం ఇంట్లో చేసిన మొదటి సబ్బులు వాడవద్దు.

గిన్నెల్లో మిగిలిన పచ్చి సబ్బు పిండి ఇంకా కాలుస్తుంది కాబట్టి గ్లౌజులు తీయకుండానే పాత గుడ్డతో తుడిచి, ఆ గిన్నెలను మర్నాటిదాకా అలాగే ఉంచి కడగాలి. ఆ సరికి అంటుకుని ఉన్నదంతా సబ్బయిపోయి నీటితో తేలికగా వదులుతుంది, సింకు గొట్టంలో నూనె పేరుకోదు. సబ్బు బాగా కుదిరి, తెలిసినవారు డబ్బిచ్చి కొంటామన్నప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: అమ్మకానికి ఒంటి సబ్బు తయారుచేయాలంటే 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల ప్రకారం లైసెన్సు కావాలి. ఇంట్లో వాడుకోవడానికీ, బంధువులకు ఊరికే ఇవ్వడానికీ చేసుకునే సబ్బు వేరు.

ఏ నెలలో మొదలుపెట్టాలని అడిగితే, కార్తీక మాసం నడుమ, తుఫాను ముసురు లేని నాలుగు రోజులు చూసుకుని మొదలుపెట్టమంటాను. గది వేడి అప్పుడు 30 డిగ్రీల లోపే ఉంటుంది, ద్రావణం త్వరగా చల్లారుతుంది, ఆ తరువాత వచ్చే పుష్యమాసపు పొడి గాలికి బిళ్ళలు చక్కగా ఆరతాయి. నవంబరు మూడో వారంలో పోసిన దిమ్మ భోగి నాటికి ఏడు వారాలు దాటి ఉంటుంది. వాడుకునేటప్పుడు బిళ్ళను అడుగున కన్నాలున్న సబ్బు పెట్టెలో ఉంచండి. గ్లిజరిన్ ఉన్న సబ్బు నీటిలో నానితే రెండు రోజుల్లో ముద్దవుతుంది.